ఇంట్లోనే తమలపాకు పెట్టె... తేమ నిలిపే కిటుకులు

తాంబూలంలో పెట్టాలన్నా, నోముకీ వ్రతానికీ వాయనం ఇవ్వాలన్నా, మంగళవారం ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించాలన్నా మనకి ముందు గుర్తొచ్చేది తమలపాకే. అందులోనూ పొన్నూరు వాళ్ళకి ఆకు అంటే వేరే అభిమానం. ఊళ్ళో అంత పెద్ద ఆంజనేయస్వామి కొలువై ఉండగా, చుట్టుపక్కల పొలాల్లో ఆకుతోటలు ఉండగా ఆ అభిమానం లేకుండా ఎలా ఉంటుంది?

కానీ ఈ తీగను ఇంట్లో పెంచుదామని కుండీలో నాటిన వాళ్ళని అడిగి చూడండి. "నాలుగు రోజులు బాగానే ఉందమ్మా, తర్వాత ఆకు అంచులు మాడిపోయాయి, తీగ వాడిపోయింది" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. నీళ్ళు పోయలేదా అంటే, పోశారు. రెండు పూటలా పోశారు. ఎరువూ వేశారు. మరి ఎందుకు పోయింది? నీళ్ళు వేళ్ళకి అందాయి గానీ, ఆకు చుట్టూ ఉన్న గాలికి అందలేదు. అసలు కిటుకు అక్కడే ఉంది.

మే నెలలో ఎండ మండిపోతున్నప్పుడు ఆకుతోటలోకి అడుగు పెడితే చల్లగా, చెమ్మగా వేరే లోకంలా ఉంటుంది. రైతు ముందుగా అవిశె విత్తనం చల్లి మొక్కలు లేపుతాడు. అవి పైకి లేచి నీడ పట్టాక తీగను వాటికి పాకిస్తాడు. చుట్టూ దడి కట్టి గాడ్పు లోపలికి రాకుండా చూస్తాడు. బోదెల్లో తరచూ నీళ్ళు పారిస్తాడు. పైన నీడ, చుట్టూ అడ్డు, కింద తడి. ఈ మూడూ కలిస్తే తోట లోపల గాలి తేమగా ఉండిపోతుంది. ఇంట్లో మనం చేసుకునే చిన్న పెట్టె కూడా సరిగ్గా ఈ మూడు పనులే చెయ్యాలి. అంతకన్నా రహస్యం ఏమీ లేదు.

గాలిలో తేమ అంటే...

ఇది మనకి తెలియని సంగతి కాదు. పెసలు నానబెట్టి తడిగుడ్డలో మూటగడితే మొలకలొస్తాయి. అవే పెసలు పళ్ళెంలో ఆరబోస్తే రావు. చపాతీ పిండి మీద తడిగుడ్డ కప్పకపోతే పైన పెచ్చు కడుతుంది. అప్పడాలు వర్షాకాలంలో మెత్తబడతాయి, వేసవిలో గలగలలాడతాయి. ఇదంతా గాలిలో తేమ చేసే పనే.

గాలి కూడా మన వంటింటి గిన్నె లాంటిదే. దానికీ ఒక కొలత ఉంది. 30 డిగ్రీల వేడి దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. అంతకు మించి పట్టదు. అందులో 15 గ్రాములే ఉంటే తేమ 50 శాతం అంటాం. వాతావరణ వార్తల్లో చెప్పే శాతం ఇదే. గాలి వేడెక్కేకొద్దీ గిన్నె పెద్దదవుతుంది. 40 డిగ్రీలకి వచ్చేసరికి 50 గ్రాములకి పైగా పడుతుంది. ఉన్న ఆవిరి మాత్రం అంతే ఉంటుంది కాబట్టి శాతం పడిపోతుంది. అందుకే మన సముద్రతీరం వైపు కూడా పడమటి గాడ్పు వీచే మధ్యాహ్నం పెదవులు పగులుతాయి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే ఒళ్ళంతా జిడ్డు పడుతుంది.

ఇక మొక్క సంగతి. ఆకు అడుగున కంటికి కనపడని చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది. వేళ్ళున్న మొక్క ఆ నష్టాన్ని కింద నుంచి పీల్చుకుని పూడ్చుకుంటుంది. కొత్తగా నాటిన తీగముక్కకి వేళ్ళెక్కడివి? ఖర్చు ఉంది, రాబడి లేదు. సంసారం ఎన్నాళ్ళు నడుస్తుంది? గాలి తేమగా ఉంటే ఆకు నుంచి పోయే నీరు తగ్గుతుంది. వేళ్ళు పుట్టేదాకా తీగముక్క బతికి ఉంటుంది. ఒక్క తమలపాకే కాదు, మల్లె, మందారం, గులాబీ, ఏ కొమ్మ నాటినా లెక్క ఇదే.

లండను డాక్టరుగారి సీసా

పెట్టెలో మొక్క పెంచడమనే ఆలోచన దాదాపు 200 ఏళ్ళ నాటిది. లండనులో నథానియల్ వార్డ్ అనే డాక్టరుగారు ఉండేవారు. ఆయనకి మొక్కలంటే పిచ్చి. కానీ ఆ రోజుల్లో లండను అంతా బొగ్గు పొగ. ఆయన పెంచిన ఫెర్న్ మొక్కలన్నీ చచ్చిపోయేవి. 1829లో ఆయన ఒక పురుగు గూడు నుంచి సీతాకోకచిలుక జాతి పురుగు ఎలా వస్తుందో చూడాలని, సీసాలో తడిమట్టి వేసి అందులో ఆ గూడు పెట్టి మూత పెట్టారు. పగలు మట్టిలోని తడి ఆవిరై సీసా గోడలకి పట్టడం, చల్లబడ్డాక మళ్ళీ మట్టిలోకే జారడం గమనించారు. కొన్నాళ్ళకి ఆ మట్టిలో, ఎవరూ నాటకుండానే, ఒక ఫెర్న్ మొక్కా గడ్డిపరకా లేచాయి. బయట పెంచితే చచ్చిపోయే మొక్క మూసిన సీసాలో హాయిగా బతికింది.

ఆ తర్వాత ఆయన గాజుపెట్టెలు చేయించి, 1833లో వాటిలో మొక్కలు పెట్టి ఓడ మీద ఆస్ట్రేలియాలోని సిడ్నీకి పంపారు. నెలల తరబడి సముద్రం మీద ప్రయాణం చేసి కూడా మొక్కలు బతికే చేరాయి. ఇలాంటి పెట్టెల్లోనే రాబర్ట్ ఫార్చ్యూన్ అనే ఆయన చైనా నుంచి తేయాకు మొక్కల్ని మన హిమాలయాల వైపు తెచ్చాడు. మనం పొద్దున్నే తాగే టీ వెనక కూడా ఇలాంటి ఒక తేమపెట్టె కథ ఉందన్నమాట.

కావలసినవి

థర్మోకోల్ పెట్టె ఒకటి. చేపలూ రొయ్యలూ ఐసులో పెట్టి పంపే రకం అయితే బలంగా ఉంటుంది. సబ్బుతో రెండు మూడు సార్లు కడిగి ఎండలో పెడితే వాసన పోతుంది. సుమారు 2 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే చాలు. అది దొరక్కపోతే దుప్పట్లు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, వాడకుండా అటక మీద పెట్టిన చేపల తొట్టి, మామిడిపళ్ళ చెక్కపెట్టె, ఏదైనా పనికొస్తుంది. చెక్కపెట్టె అయితే లోపల ప్లాస్టిక్ షీటు పరచాలి.

మూతకి మందపాటి తెల్లని ప్లాస్టిక్ షీటు, అంటే డైనింగ్ టేబుల్ మీద వేసే రకం. వెడల్పు టేపు. లోతు తక్కువ ఉన్న వెడల్పు ట్రే. కడిగిన ముతక ఇసుక. పాత నూలు తువ్వాలు. చిన్న ఇటుకముక్కలు. తేమ కొలిచే చిన్న మీటరు. దీన్ని హైగ్రోమీటరు అంటారు. అంకెలు కనిపించే రకం కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది.

మూత షీటును చదునుగా కాకుండా ఒక పక్కకి కొంచెం వాలుగా అమర్చండి. రాత్రి చల్లబడ్డాక మూతకి నీటిబొట్లు పడతాయి. అవి నేరుగా ఆకుల మీద రాలితే మచ్చలొస్తాయి. వాలు ఉంటే పక్కకి జారి ఇసుకలో కలుస్తాయి.

ముందు కన్నాలు, తర్వాత నీళ్ళు

తేమ తక్కువగా ఉందనగానే అందరం చేసే పని నీళ్ళు చల్లడం. చిల్లుకుండలో నీళ్ళు పోస్తే నిలుస్తాయా? ఒక్కసారి ఈ లెక్క చూడండి.

పైన చెప్పిన కొలతల పెట్టెలో పట్టే గాలి సుమారు 127 లీటర్లు. 30 డిగ్రీల దగ్గర ఆ గాలి మొత్తం నిండా తేమ పట్టాలంటే కావలసిన నీరు నాలుగు గ్రాములు కూడా లేదు. ఒక చిన్న చెంచాడు కన్నా తక్కువ! గదిలో గాలి 40 శాతం తేమతో ఉందనుకోండి. దాన్ని 80 శాతానికి తేవడానికి మరో ఒకటిన్నర గ్రాము చాలు. అంటే దాదాపు ముప్పై చుక్కలు.

ముప్పై చుక్కలే చాలినప్పుడు మరి రోజంతా చల్లినా తేమ ఎందుకు నిలవదు? మూత సందుల్లోంచి తడిగాలి బయటికి పోయి, పొడిగాలి లోపలికి వస్తోంది కాబట్టి. ఐదు నిమిషాలకోసారి పెట్టెలో గాలి మారిపోతే గంటకి పన్నెండు సార్లు ఆ ముప్పై చుక్కలూ మళ్ళీ ఇవ్వాలి. గంటకి 18 గ్రాములు. రోజుకి దాదాపు అరలీటరు. ఎవరు కూర్చుని చల్లుతారు?

అందుకని మొదటిరోజు నీళ్ళ జోలికి వెళ్ళకండి. పెట్టెలో ఒక చిన్న టార్చిలైటు వెలిగించి పెట్టి, గదిలో దీపాలు ఆర్పి చుట్టూ చూడండి. వెలుతురు బయటికి వచ్చిన ప్రతిచోటా గాలీ వస్తుంది. అక్కడ టేపు వేయండి. మూత అంచు చుట్టూ పాత చీర అంచు మడతపెట్టి కుట్టి పెడితే గట్టిగా కూర్చుంటుంది. ఫ్యాను గాలి, ఏసీ గాలి నేరుగా తగిలేచోట పెట్టె పెట్టకండి. ఏసీ గాలిలోని తేమను బయటికి లాగేస్తుంది. అందుకే వెనక గొట్టంలోంచి నీళ్ళు కారేది.

తేమ పెంచే పద్ధతులు

సందులు మూశాక ఇప్పుడు నీళ్ళ సంగతి. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే. నీళ్ళు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం కాదు, ఎంత వెడల్పున గాలికి తగులుతున్నాయన్నది ముఖ్యం. బిందెడు నీళ్ళ కన్నా ఆరేసిన తడిచీర గాలికి ఎక్కువ తేమ ఇస్తుంది.

1. ఇసుక ట్రే: ట్రేలో రెండంగుళాల మందం ఇసుక పరచి, ఇసుక తడిసేదాకా నీళ్ళు పోయండి. నీళ్ళు ఇసుక పైకి తేలకూడదు. దాని మీద ఇటుకముక్కలు పెట్టి, వాటి మీద కుండీలు పెట్టండి. కుండీ అడుగు నీళ్ళలో నానదు, ఆకుల చుట్టూ తేమ ఉంటుంది. ఇది అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా నమ్మకం.

2. తువ్వాలు తెర: ఇసుక ట్రే చాలకపోతే పెట్టె వెనకగోడకి పాత నూలు తువ్వాలు వేలాడదీసి కింది అంచు తడి ఇసుకలో పూడ్చండి. ప్రమిదలో వత్తి నూనె పీల్చినట్టు తువ్వాలు నీటిని పైకి పీలుస్తుంది. పాలిస్టరు గుడ్డ ఇందుకు పనికిరాదు, నూలుదే కావాలి. వారానికోసారి తువ్వాలు ఉడకబెట్టి ఉతకాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న ఇళ్ళలో గుడ్డ మీద తెల్లగా గట్టిపడి పీల్చడం మానేస్తుంది. వాన నీరు గానీ, ఏసీ గొట్టం నుంచి పట్టిన నీరు గానీ వాడితే ఆ బెడద ఉండదు.

3. ఇటుక గోడ: థర్మోకోల్ పెట్టె లోపల రెండు పక్కలా ఎర్ర ఇటుకలు నిలబెట్టి తడుపుతుంటే చాలాసేపు చెమ్మ ఇస్తాయి. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1980లలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వాళ్ళు కూరగాయలు నిలవ ఉంచడానికి కరెంటు లేని చల్లని గది రూపొందించారు. రెండు వరసల ఇటుకగోడ, మధ్యలో తడి ఇసుక. అంతే. లోపల తేమ 90 శాతం దాకా ఉంటుంది. మన పెద్దలు గుమ్మానికి కట్టిన వట్టివేళ్ళ తడకా, ఇసుకలో పెట్టిన మంచినీళ్ళ కుండా ఈ కుటుంబంలోవే.

4. చిలకరింపు: ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిలుతో పొద్దున ఒకసారి పెట్టె గోడల మీద కొట్టండి. ఆకుల మీద వద్దు. ఇది పై ఖర్చులకి వాడే చిల్లర లాంటిది, దీని మీదే ఇల్లు నడపకూడదు. సాయంత్రం పూట అసలు వద్దు. రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు పడుతుంది.

5. పొగమంచు యంత్రం: నీళ్ళలో వేస్తే తెల్లటి పొగలా మంచు వచ్చే చిన్న యంత్రాలు ఇప్పుడు వస్తున్నాయి. ఇంత చిన్న పెట్టెకి అది ఎక్కువే. వాడదలిస్తే రోజంతా కాకుండా కొద్ది నిమిషాలు వేసి ఆపండి. ఉప్పునీరు పోస్తే ఆకుల మీద తెల్లని పొడి పేరుకుంటుంది. దాని కరెంటు అడాప్టరు పెట్టె బయట, ట్రే కన్నా ఎత్తులో ఉండాలి. తీగ మీదుగా జారిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా, తీగను ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు వేలాడదీసి పైకి తేవాలి. తడిచేత్తో స్విచ్చి ముట్టుకోకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఉప్పుతో మీటరు పరీక్ష

కొత్త మీటరు చూపించే అంకెను గుడ్డిగా నమ్మకండి. దాన్ని పరీక్షించడానికి వంటింట్లోని ఉప్పే చాలు. ఒక చిన్న మూతలో రెండు చెంచాల ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేలా కొద్ది చుక్కల నీళ్ళు కలపండి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటరునీ పక్కపక్కనే ఒక గాలి చొరని డబ్బాలో పెట్టి, మూత బిగించి, రాత్రంతా కదపకుండా ఉంచండి. ఉప్పు మీటరుకి తగలకూడదు. తెల్లారాక డబ్బా తెరవకుండానే అంకె చూడండి. తడి ఉప్పు ఉన్న మూసిన డబ్బాలో గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. అది ప్రకృతి నియమం. మీ మీటరు 70 చూపిస్తే, ఇకపై అది చూపే అంకెకి 5 కలుపుకోండి. 80 చూపిస్తే 5 తీసేయండి.

మీటరును పెట్టెలో ఆకులున్న ఎత్తులో వేలాడదీయండి. తడి ఇసుక మీద పెడితే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. పాల లెక్క రాసే పుస్తకంలోనే ఒక పేజీ కేటాయించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా అంకె రాయండి. నాలుగు రోజులు రాస్తే మీ పెట్టె స్వభావం మీకే తెలుస్తుంది.

దీపం పెడితే తేమ ఎందుకు పడిపోతుంది?

కిటికీ దగ్గర వెలుతురు చాలనివాళ్ళు ఎల్ఈడీ బల్బు పెట్టుకుంటారు. పెట్టవచ్చు. కానీ లోపల పెట్టకండి. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న పెట్టె, బల్బు వేడికి 35 డిగ్రీలయిందంటే, ఒక్క చుక్క బయటికి పోకుండానే తేమ 61 శాతానికి పడిపోతుంది. గిన్నె పెద్దదైందని ఇందాక చెప్పుకున్నాం కదూ, అదే. రాత్రి బల్బు ఆరి పెట్టె 26 డిగ్రీలకి చల్లబడితే అదే తేమ 100 శాతమై గోడలకి బొట్లు పడతాయి. కాబట్టి బల్బును ప్లాస్టిక్ మూత పైన, నాలుగంగుళాల ఎడంగా వేలాడదీయండి. వెలుతురు లోపలికి వస్తుంది, వేడి బయటే ఉంటుంది.

నేరుగా ఎండ పడేచోట మూసిన పెట్టె పెట్టనే కూడదు. రోహిణి కార్తె ఎండకి రోళ్ళు పగులుతాయంటారు, మూసిన పెట్టెలో మొక్క ఉడికిపోదా? తమలపాకు నీడపట్టు తీగ. తూర్పు కిటికీకో ఉత్తరపు కిటికీకో పక్కన పెట్టినా సరిపోతుంది.

తీగ నాటడం

కపూరి, తెల్లాకు, ఏ రకమైనా ఇలాగే నాటాలి. మరీ లేతా కాకుండా మరీ ముదురూ కాకుండా ఉన్న తీగను మూడేసి కణుపుల ముక్కలుగా కొయ్యండి. కత్తి శుభ్రంగా ఉండాలి. కింది ఆకులు తీసేసి పైన ఒకటో రెండో ఉంచండి. ఉంచిన ఆకును కూడా సగానికి అడ్డంగా కత్తిరిస్తే నీటి ఖర్చు ఇంకా తగ్గుతుంది. కొబ్బరిపొట్టూ కడిగిన ఇసుకా సమంగా కలిపి చిన్న కుండీల్లో నింపి, కింది కణుపు లోపలికి పోయేలా నాటండి. కొత్తలో పశువుల ఎరువు వద్దు. మూసిన తడిపెట్టెలో అది బూజుకి పుట్టిల్లు.

మొదటి మూడు వారాలు తేమ 80 నుంచి 90 శాతం మధ్య ఉంచండి. కొత్త చిగురు కనిపించి, ముక్కను మెల్లగా లాగితే కదలకుండా పట్టుకుని ఉంటే వేళ్ళు పట్టినట్టే. ఇక్కణ్ణుంచి మెల్లమెల్లగా బయటిగాలి అలవాటు చెయ్యాలి. మొదటిరోజు పావుగంట మూత తీయండి, మర్నాడు అరగంట, ఆ పైన గంట. ఇలా పది రోజులు. కొత్తకోడల్ని వచ్చిన రోజే వంటింట్లోకి తోసేయం కదా! ఒక్కసారిగా బయట పెడితే మూడు వారాల కష్టం ఒక్క మధ్యాహ్నంలో మాడిపోతుంది.

మిరప, టమాట నారు పెంచుకునేవాళ్ళకి మాత్రం లెక్క వేరు. గింజ మొలిచేదాకా మూత ఉంచి, మొలక తల ఎత్తగానే మూత సగం తీసేయాలి. నారుకి అంత తేమ పడదు. మొదట్లో కాడ మెత్తబడి పడిపోతుంది. మన మిరప రైతుల్ని అడగండి, నారుకుళ్ళు అంటే ఏమిటో వాళ్ళు చెబుతారు.

గాలి ఆడాలి

ఇంత కష్టపడి సందులు మూయించి ఇప్పుడు గాలి ఆడాలంటోందేమిటి అనుకోకండి. సందుల్లోంచి మనకి తెలియకుండా పోయే గాలి వేరు, మనం తలుపు తీసి పంపే గాలి వేరు. రోజుకి రెండుసార్లు, పొద్దునా సాయంత్రమూ, ఐదేసి నిమిషాలు మూత తీసి పాత పుస్తకంతో విసరండి. తేమ పడిపోయినా పది పదిహేను నిమిషాల్లో మళ్ళీ పుంజుకుంటుంది. పుంజుకోకపోతే ఇసుకలో తడి తగ్గిందని గుర్తు.

ఆకు మీద నూనె మరకలాంటి మచ్చ గానీ, తెల్లని దూదిలాంటి బూజు గానీ కనిపిస్తే ఆ ముక్కను వెంటనే తీసి పారేయండి. ఒక్కటే కదా అని ఉంచితే పెట్టె మొత్తానికి అంటుకుంటుంది. తర్వాత రెండు రోజులు తేమను 70కి దించి ఉంచండి.

పెట్టెను పడకగదిలో పెట్టకండి. ఆయాసం ఉన్న పెద్దవాళ్ళకీ పిల్లలకీ బూజుగాలి మంచిది కాదు. పచ్చడి జాడీల పక్కన, బియ్యం డబ్బా పక్కన కూడా వద్దు. గోడకి ఆనించకుండా నాలుగు వేళ్ళ ఎడం ఇస్తే గోడ చెమ్మ పట్టదు.

దోమ పుట్టకూడదు

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మొక్క పోతే మళ్ళీ నాటుకోవచ్చు. ఇంట్లో డెంగీ వస్తే ఆ బాధ ఎలాంటిదో పడినవాళ్ళకి తెలుసు. డెంగీ తెచ్చే దోమ మురుగులో కాదు, మనింట్లో నిలవ ఉన్న మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. పూలకుండీ కింద సాసరూ, ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు తొట్టీ దానికి పుట్టిళ్ళు. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి మన వేడికి వారం, పది రోజులు చాలు.

అందుకే ఇసుక పైకి నీళ్ళు తేలకూడదని ముందే చెప్పాను. తేలిన నీరు లేకపోతే పిల్లపురుగు ఈదడానికి చోటుండదు. దోమ గుడ్లు ట్రే అంచులకి అంటుకుని ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, తడి తగలగానే పిల్లలవుతాయి. కాబట్టి నీళ్ళు పారబోస్తే చాలదు. వారానికి ఒకరోజు ట్రేను కొబ్బరిపీచుతో గట్టిగా తోమి, ఇసుకను ఎండలో ఆరబెట్టాలి. రెండు సెట్లు ఇసుక ఉంచుకుంటే ఒకటి ఎండుతుంటే ఇంకొకటి వాడవచ్చు. గాలి కోసం వదిలిన కన్నాలకి దోమతెర ముక్క అతికించండి. ఇంత శ్రద్ధ పెట్టలేం అనుకునేవాళ్ళు ఈ పెట్టె జోలికి పోకపోవడమే మంచిది.

దూరదేశాల్లో ఉన్న పిల్లలకి

మన పిల్లలు అమెరికాలోనూ ఇతర చలిదేశాల్లోనూ కరివేపాకు, తమలపాకు కుండీల్లో పెంచుకుంటూ, "చలికాలం రాగానే ఆకులన్నీ రాలిపోతున్నాయమ్మా" అని ఫోనులో చెబుతుంటారు. అక్కడ చలి ఒకటే కాదు కారణం. బయటి చల్లగాలిలో ఆవిరి తక్కువ. దాన్ని లోపలికి తీసి హీటరుతో వేడి చేస్తే గిన్నె పెద్దదై తేమ శాతం 20, 30కి పడిపోతుంది. మన మే నెల మధ్యాహ్నం లాంటిదే, కాకపోతే చలిలో. చిన్న తీగలకి, కొత్త కొమ్మలకి అక్కడా ఈ పెట్టే పనికొస్తుంది. హీటరు గాలి వచ్చే జాలీకి దూరంగా, కిటికీ దగ్గర పెట్టుకోమనండి. కరివేపాకుకి మాత్రం తమలపాకంత తేమ అక్కర్లేదు, 50 శాతం దాటితే హాయిగా ఉంటుంది. దానికి ఎండా వెలుతురూ ఎక్కువ కావాలి. అందుకని రెంటినీ ఒకే పెట్టెలో పెట్టొద్దని చెప్పండి.

గుర్తుంచుకోవలసినవి

* తేమ చాలకపోతే ముందు సందులు చూడండి, తర్వాతే నీళ్ళు.
* నీళ్ళ లోతు కాదు, తడి పరుపు వెడల్పు ముఖ్యం.
* బల్బు బయట, ఎండ దూరం, ఫ్యాను గాలి పక్కకి.
* చిలకరించేది పొద్దున, గోడల మీద.
* రోజుకి రెండుసార్లు మూత తీసి విసరాలి.
* వారానికి ఒకరోజు ట్రే తోమాలి, తువ్వాలు ఉడకబెట్టాలి.
* వేళ్ళు పట్టాక పది రోజులు మెల్లగా బయటి గాలి అలవాటు చెయ్యాలి.

"ఆకు కట్ట బజార్లో దొరుకుతుంటే ఇంత శ్రమ దేనికమ్మాయ్?" అని పెద్దవాళ్ళు అడగవచ్చు. నిజమే, కట్టల కొద్దీ ఆకు కావాలంటే రైతు తోటకే వెళ్ళాలి. ఈ పెట్టె తోటకి పోటీ కాదు. కానీ శ్రావణ మాసంలో ముత్తైదువ వచ్చినప్పుడు నాలుగు లేత ఆకులు అప్పటికప్పుడు కోసి ఇవ్వగలగడం, పొరుగింటి వదినగారికి వేళ్ళు పట్టిన తీగ ఒకటి ఇవ్వగలగడం డబ్బుతో కొనే సంతోషాలు కావు. పైగా ఒక్క తీగ కుదురుకుంటే చాలు, దాన్నుంచి ఎన్ని ముక్కలైనా నాటుకోవచ్చు. వానలు పడి గాలి చల్లబడిన రోజుల్లో మొదలుపెడితే పెట్టెకి శ్రమ తక్కువ, మీకు ధైర్యం ఎక్కువ. వేసవి వచ్చేసరికి చెయ్యి తిరుగుతుంది. ఈ వర్షాకాలం నాలుగు ముక్కలతో మొదలుపెట్టి చూడండి.